చదును పాదాలు, పెరిగిన బరువు, మొదలుపెట్టిన నడక: తరచుగా అడిగే ప్రశ్నలు

ఒడిశాలోని బరంపురంలో నేను పనిచేసే ఫిజియోథెరపీ గదికి ఇటు ఇచ్ఛాపురం నుంచి, అటు పర్లాకిమిడి నుంచి, ఛత్రపురం నుంచి మనవాళ్లు వస్తుంటారు. చాలామంది కథ ఒకటే. షుగరో బీపీయో చూసిన డాక్టరు బరువు తగ్గమన్నారు. మర్నాడే కొత్త బూట్లు కొన్నారు, తెల్లవారుజామున గంటసేపు నడిచారు. రెండో వారానికి పాదం లోపలి వైపు నొప్పి. మూడో వారానికి బూట్లు మంచం కిందికి వెళ్లాయి, బరువు మాత్రం ఎక్కడికీ వెళ్లలేదు.

నావీ చదును పాదాలే. అందుకే ఈ జవాబుల్లో కొన్ని చదువు చెప్పినవి, కొన్ని నా కాళ్లు చెప్పినవి.

నావి చదును పాదాలా కాదా, ఇంట్లోనే తెలుసుకోవచ్చా?

పైసా ఖర్చు లేకుండా తెలుసుకోవచ్చు. కాళ్లు కడుక్కుని, తుడుచుకోకుండా, పొడిగా ఉన్న సిమెంటు గచ్చు మీద మామూలుగా నాలుగు అడుగులు వేయండి. వంపు ఉన్న పాదమైతే మడమకూ ముందు భాగానికీ మధ్య బయటి అంచున సన్నని పట్టీ మాత్రమే తడుస్తుంది, లోపలి వైపు గచ్చు అర్ధచంద్రంలా పొడిగా మిగులుతుంది. చదును పాదం అచ్చు ఇస్త్రీపెట్టె అడుగులా నిండుగా పడుతుంది. చిన్నప్పుడు అరుగు మీద నా తడి అడుగులు చూసి మా అమ్మమ్మ "బాతు వచ్చి వెళ్లింది" అనేది.

ఆ అచ్చు చూసి అప్పుడే బెంగపడకండి. రెండో పరీక్ష ఎక్కువ చెబుతుంది. గోడ పట్టుకుని మునివేళ్ల మీద లేవండి, ఇంట్లో ఎవరినైనా వెనక నిలబెట్టి మీ మడమలను చూడమనండి. లేచినప్పుడు అరికాలి వంపు కనబడి, మడమలు కొంచెం లోపలికి తిరిగితే మీది మెత్తని చదును పాదం. వంపు లోపల దాగి ఉంది, బరువు పడినప్పుడు కుంగుతోంది, అంతే. లేచినా వంపు రాకపోతే అది బిగుసుకున్న పాదం. దాన్ని ఎముకల డాక్టరు చూడాలి, ఈ పేజీ సరిపోదు.

మూడోది ఒంటికాలి పరీక్ష. ఒక కాలి మీద మునివేళ్లపై లేవగలిగి, రెండో కాలి మీద ఒక్కసారి కూడా లేవలేకపోతున్నారంటే ఆ కాలిలో వంపును పట్టి ఉంచే టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే తాడు లాంటి నరం కాని పట్టీ) దెబ్బతిని ఉండవచ్చు. అప్పుడు వ్యాయామం కంటే ముందు డాక్టరు.

చదును పాదం జబ్బేనా?

నొప్పి లేనంతవరకు కాదు. జుట్టు ఉంగరాలు తిరిగినట్టే ఇదీ ఒక తీరు.

మరి ఇన్నేళ్లూ లేని నొప్పి వ్యాయామం మొదలుపెట్టగానే ఎందుకు వచ్చింది?

ఈ ప్రశ్నకు జవాబు అర్థమైతే మిగతావన్నీ సులువు.

ఒక్కో పాదంలో 26 ఎముకలుంటాయి. వాటిని వంపుగా నిలబెట్టే వాటిలో ముఖ్యమైన కండరం పిక్క లోతుల్లో పుట్టి, చీలమండ లోపలి ఎముక వెనకగా తాడులా దిగి, పాదం మధ్యలో లోపలి వైపు ఎముకకు అతుక్కుంటుంది. ఆ తాడే టెండన్. మనం అడుగు వేసిన ప్రతిసారీ వంపు ఒక్కసారిగా కుంగిపోకుండా అది పైకి లాగి పట్టుకుంటుంది. బావిలో చేద దించేటప్పుడు గిలక మీద తాడు ఎలా జారుతుందో, చీలమండ ఎముక వెనక ఇదీ అలాగే జారుతుంది. చదును పాదంలో ఈ తాడుకు ప్రతి అడుగులోనూ కొంచెం ఎక్కువ పని. ఇంట్లో, ఆఫీసులో రోజుకు రెండు మూడు వేల అడుగులు వేసినంతకాలం అది ఆ పనికి అలవాటు పడి ఉంది. మీరు ఒక్క రాత్రిలో దాన్ని పది వేలకు పెంచారు. పైగా గత ఐదేళ్లలో పెరిగిన పది పన్నెండు కిలోలు కూడా దాని మీదే.

ఇక్కడి అప్పడాలు దూర ప్రాంతాలకు కూడా వెళ్తాయి కదా, ఆ పని చేసే ఒకావిడ నా దగ్గరకు వచ్చింది. ఇరవై ఏళ్లుగా చదును పాదాలతోనే రోజంతా నిలబడి పనిచేస్తోంది, ఏనాడూ నొప్పి లేదు. కూతురు ఫోనులో అడుగులు లెక్కపెట్టే యాప్ పెట్టింది. పన్నెండు రోజుల్లో కుంటుతూ వచ్చింది. "పాదాలు చదునుగా ఉన్నాయట, అందుకే నొప్పట" అంది. పాదాలు ఆ పన్నెండు రోజుల ముందు కూడా చదునుగానే ఉన్నాయి. మారింది పనిభారం. నేను చెప్పే మాట మొత్తం ఇదే: ఆకారాన్ని తిట్టుకోకండి, భారాన్ని లెక్కపెట్టండి.

నొప్పి ఫలానా చోట ఉంది. అంటే ఏమిటి?

చీలమండ లోపలి ఎముక వెనక, కింద నొప్పి, వేలితో నొక్కితే సలుపు, కొంచెం వాపు ఉంటే పైన చెప్పిన టెండన్ అలసిపోయినట్టు. చదును పాదాలవాళ్లలో దీన్నే ఎక్కువ జాగ్రత్తగా చూడాలి. నిర్లక్ష్యం చేస్తే టెండన్ సాగిపోయి, ఉన్న కాస్త వంపు కూడా కుంగిపోతుంది. నలభై దాటిన ఆడవాళ్లలో, బరువు, షుగరు, బీపీ ఉన్నవాళ్లలో ఇది ఎక్కువ.

పొద్దున్నే మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమ కింద గుచ్చినట్టుండి, నాలుగడుగులు వేశాక తగ్గితే అది అరికాలి పట్టీ వాపు. చదును పాదాలు లేనివాళ్లకూ వస్తుంది. మోకాలి కింద ముందు ఎముక లోపలి అంచు వెంట నొప్పి అయితే హఠాత్తుగా నడక, పరుగు పెంచినందుకు వచ్చినది. కానీ ఎముక మీద ఒకే ఒక్క చోట, రూపాయి బిళ్లంత మేర, నొక్కితే ప్రాణం పోయినట్టుంటే నడక ఆపి ఎక్స్‌రే తీయించుకోండి. ఎముకలో సన్నని చీలిక ఉండవచ్చు. మొదట్లో ఎక్స్‌రేలో అది కనబడకపోవచ్చు కూడా, కాబట్టి "ఏమీ లేదు" అన్నారని మళ్లీ పరుగు మొదలుపెట్టకండి.

నడక మానేయాలా?

పూర్తిగా మానేయడం అరుదుగానే అవసరం. నొప్పికి సున్నా నుంచి పది వరకు మార్కులు వేయండి. నడుస్తున్నప్పుడు మూడు లోపు ఉండి, మర్నాడు పొద్దుటికి మామూలు స్థితికి వస్తే ఆ నడక మీ పాదం భరించగలదు. మూడు దాటితే, లేదా మర్నాడు నొప్పి పెరిగితే, వాపు వస్తే, నిన్నటి మోతాదు ఎక్కువైందని అర్థం. అంత నడవకండి. బింకానికి పోయి "నడిస్తే అదే పోతుంది" అనేవాళ్లను ఈ గదిలో చాలామందిని చూశాను. నొప్పి పోలేదు, వాళ్లే మళ్లీ వచ్చారు.

గంటసేపు ఒకేసారి నడిచే బదులు ఉదయం పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలు చదునైన నేల మీద మొదలుపెట్టండి. వారమంతా నొప్పి మూడు లోపు ఉంటే తర్వాతి వారం ఒక్కో పూటకు రెండు మూడు నిమిషాలు కలపండి. వేగం, దూరం, ఎత్తు మూడూ ఒకే వారంలో పెంచకండి. పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆ 150 నిమిషాలూ నడకే కానక్కరలేదు.

అయితే నడకకు బదులు ఏం చేయాలి?

సైకిలు. చదును పాదాలకు ఇంతకంటే మంచి నేస్తం లేదు, బరువు చాలావరకు సీటు మోస్తుంది. పెడలు అడుగుకు వెళ్లినప్పుడు మోకాలు కొంచెమే వంగి ఉండేలా సీటు ఎత్తు పెట్టుకోండి. మనవాళ్లు సీటు మరీ కిందికి దించి తొక్కుతారు, అప్పుడు పాదం బాగుండి మోకాలు పట్టేస్తుంది. బరంపురం బజారు రద్దీలో తొక్కమని నేను చెప్పను, తెల్లవారుజామున ఊరి బయటి రోడ్లున్నాయి, లేదంటే ఇంట్లో నిలిపి ఉంచే సైకిలు.

ఈత వచ్చినవాళ్లకు ఈత. ఛాతీలోతు నీళ్లలో నడిచినా శరీర బరువులో సగానికి పైగా నీరే మోస్తుంది. కుర్చీలో కూర్చుని చేతులతో బరువులెత్తడం, పడుకుని నడుమెత్తడం, పక్కకు తిరిగి పడుకుని పై కాలు ఎత్తడం కూడా వ్యాయామాలే. చివరిది మరీ ముఖ్యం. తుంటి పక్క కండరం బలహీనంగా ఉంటే మోకాలు లోపలికి వాలుతుంది, మోకాలి వెంట పాదమూ లోపలికి కుంగుతుంది.

నొప్పి ఉన్నప్పుడు తాడాట, పరుగు, గెంతుతూ చేసే నృత్య వ్యాయామాలు పక్కన పెట్టండి. నడకలో పాదం మీద పడే భారం శరీర బరువు కంటే కొంచెమే ఎక్కువ. పరుగులో అది రెండు మూడు రెట్లు.

గోపాల్‌పూర్ బీచిలో చెప్పులు లేకుండా నడిస్తే పాదాలకు మంచిదంటారు. నిజమేనా?

నొప్పి లేనివాళ్లకు కొంచెం కొంచెంగా మంచిదే. నొప్పి ఉన్నవాళ్లకు పొడి ఇసుక పగ. మడమ కింద నేల జారిపోతుంటే వంపును పట్టే టెండన్ ప్రతి అడుగుకీ మరింత కష్టపడుతుంది. అల తగిలి గట్టిపడిన తడి ఇసుక కొంత నయం, కానీ అది సముద్రం వైపు వాలి ఉంటుంది కాబట్టి ఒకే దిశలో వెళ్తే ఒక పాదం ఎప్పుడూ లోపలికి వాలే ఉంటుంది. వెళ్లినంత దూరం వెనక్కి రండి, మొత్తం పదిహేను నిమిషాలు దాటనివ్వకండి.

తారాతారిణి కొండ గురించి కూడా అడుగుతారు. 999 మెట్లు. మొక్కు ఉంటే నేను కాదనను, కానీ బరువు తగ్గడానికని వారం వారం ఎక్కడం మొదటి మూడు నెలలు వద్దు. ఎక్కడం కన్నా దిగడమే పాదాన్ని ఎక్కువ బాధపెడుతుంది. ఎక్కి, రోప్‌వేలో దిగితే అమ్మవారు ఏమీ అనుకోదు.

పాదానికే ప్రత్యేకంగా వ్యాయామాలు ఉన్నాయా?

ఉన్నాయి. రోజుకు పది నిమిషాలు చాలు. నేను మొదట నేర్పేది పాదాన్ని పొట్టి చేయడం. కుర్చీలో కూర్చుని పాదం గచ్చుకు ఆనించండి. వంపు ఉండాల్సిన చోట, లోపలి అంచు కింద, ఒక చింతగింజ పెట్టుకోండి. ఇప్పుడు వేళ్లు ముడవకుండా, బొటనవేలి మొదలును మడమ వైపు లాగుతున్నట్టు బిగించండి. గింజ మీద నుంచి చర్మం లేచినట్టు తెలుస్తుంది. ఐదు సెకన్లు ఉంచి వదలండి, పదిసార్లు. వేళ్లు గచ్చును గీరుతున్నాయంటే తప్పుగా చేస్తున్నారు. మొదటి మూడు రోజులు ఏమీ కదలదు, పాదం మన మాట వినదు. నాకు వారం పట్టింది. కూర్చుని వచ్చాక నిలబడి, ఆ తర్వాత ఒంటికాలి మీద.

రెండోది మడమలెత్తడం. రెండు మడమల మధ్య పిల్లల రబ్బరు బంతి పెట్టుకుని నొక్కుతూ, మూడు అంకెలు లెక్కపెట్టేలోపు పైకి, మరో మూడు లెక్కపెడుతూ కిందికి. పదేసి చొప్పున మూడు విడతలు. బంతి ఎందుకంటే, దాన్ని నొక్కితే మడమలు లోపలికి తిరిగి మనకు కావలసిన టెండన్ పనిలోకి వస్తుంది. నిలబడి చేస్తే నొప్పి మూడు దాటుతుంటే కూర్చుని చేయండి.

మూడోది పిక్క సాగదీయడం. గోడకు చేతులానించి, వెనక కాలి మోకాలు నిటారుగా ఉంచి అర నిమిషం, కొంచెం వంచి అర నిమిషం, మూడేసిసార్లు. మడమ నేలను వదలకూడదు, పాదం బయటికి తిరగకూడదు. పిక్క బిగుసుకుపోయినవాళ్లకు అడుగు ముందుకు పడాలంటే చీలమండ వంగదు, ఆ లోటు తీర్చడానికి వంపు కుంగుతుంది.

ఈ మూడింటితో పాదం అచ్చు మారుతుందని ఆశపెట్టుకోకండి. నా అచ్చు ఇప్పటికీ బాతు అచ్చే. నొప్పి తగ్గుతుంది, ఓపిక పెరుగుతుంది. ఆరు వారాల్లో తేడా తెలియాలి, గట్టిపడటానికి మూడు నెలలు.

తిండి తగ్గించకుండా నడకతోనే తగ్గలేనా?

కష్టం. 80 కిలోల మనిషి గంటసేపు ఓ మోస్తరు వేగంతో నడిస్తే ఖర్చయ్యేది సుమారు 280 కేలరీలు. సాయంత్రం బజారులో ఒక ప్లేటు బరా-ఘుగుని (మినప వడలు, బఠాణీ కూర) అటూ ఇటుగా అంత తిరిగి ఇచ్చేస్తుంది. పాదం నొప్పితో ఉన్నవాళ్లకు ఇది చెడ్డ వార్త అనుకుంటారు, నాకైతే మంచి వార్త: బరువులో పెద్ద భాగం వంటింట్లో తగ్గుతుంది, అక్కడ పాదం పని లేదు.

మన సరిహద్దు ఇళ్లలో మూడు పూటలా అన్నం మామూలే. వండిన అన్నం 100 గ్రాములకు సుమారు 130 కేలరీలు. కొలిచి చూస్తే చాలామంది కంచంలో ఒక పూటకు 400 గ్రాములుంటుంది. దాన్ని 200 చేసి, ఆ ఖాళీలో పప్పు, గుడ్డు, చేప, ఆకుకూర పెట్టండి. పఖాళ (నీళ్లలో నానబెట్టిన అన్నం) మానాలా అని ఒడియా కోడళ్లున్న ఇళ్లవాళ్లు అడుగుతారు. పఖాళలో నీళ్లే ఎక్కువ, దాని తప్పు లేదు. పక్కన చేరే వేయించిన వడియాలు, బంగాళాదుంప వేపుడు, వేయించిన చేప ముక్కలతోనే చిక్కు. రాగి అంబలి తాగితే తగ్గిపోతారన్నది కూడా సగం నిజం. రాగిపిండిలో పీచు, కాల్షియం బియ్యం కంటే చాలా ఎక్కువ, కేలరీలు మాత్రం పెద్దగా తక్కువేమీ కాదు.

వారానికి అర కిలో చాలు. 80 కిలోల మనిషి రెండు నెలల్లో నాలుగు కిలోలు తగ్గితే అది ఐదు శాతం. ప్రతి అడుగులోనూ పాదానికి ఆ నాలుగు కిలోలు తక్కువ.

ఏ బూట్లు కొనాలి? ఇన్సోల్ వేసుకోవాలా?

ధర చూసి కొనకండి, మూడు చోట్ల చేత్తో చూసి కొనండి. మడమ వెనక భాగాన్ని బొటనవేలితో నొక్కితే అణగకూడదు. బూటును తువ్వాలులా మెలిపెడితే సులువుగా మెలితిరగకూడదు. వంచితే వేళ్ల దగ్గరే వంగాలి, నడిమధ్యలో కాదు. సాయంత్రం కొనండి, అప్పటికి పాదం కొంచెం ఉబ్బి ఉంటుంది. పొడవైన వేలి ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి.

అసలు దోషి చాలా ఇళ్లలో బూటు కాదు, హవాయి చెప్పులు. ఉదయం అరగంట మంచి బూట్లతో నడిచి, మిగతా రోజంతా అరిగి ఒక వైపుకు వాలిన హవాయి చెప్పులతో గచ్చు మీద తిరుగుతారు. మీ చెప్పును బల్ల మీద పెట్టి వెనక నుంచి చూడండి, లోపలి అంచు పల్చబడి ఉంటే పారేయండి. నొప్పి తగ్గేదాకా ఇంట్లో కూడా వంపు దగ్గర ఎత్తుగా ఉన్న చెప్పులు వేసుకోవడం మంచిది. ఇంట్లో చెప్పులేమిటని పెద్దవాళ్లు అభ్యంతరపెడితే ఒక జత కొత్తవి ఇంటికే కేటాయించండి, వంటింటి గుమ్మం దగ్గర రాజీ కుదురుతుంది.

ఇన్సోల్, అంటే బూటు లోపల పాదం కింద వేసుకునే అట్ట, కళ్లజోడు లాంటిది, పెట్టుకున్నంతసేపే పని. ముందు తయారుగా దొరికేవి వాడి చూడండి, చాలామందికి అవే సరిపోతాయి. కొలతలు తీసి చేయించే ఖరీదైనవి వాటితో కుదరనివాళ్లకు. మొదటి రోజు గంట, తర్వాత రోజుకో గంట పెంచుతూ అలవాటు చేసుకోండి.

జెల్ రాసి, మాత్ర వేసుకుని నడవవచ్చా?

నడిచాక ఐసు ముక్కలు గుడ్డలో చుట్టి పది నిమిషాలు పెట్టండి. జెల్ రాయండి. నడవడానికి ముందు నొప్పి మాత్ర మాత్రం వద్దు, పాదం చెప్పే మాట వినపడకుండా చేసుకోవడమే అది. బీపీ, కిడ్నీ ఇబ్బందులున్నవాళ్లు ఆ మాత్రలు సొంతంగా అసలు వేసుకోకూడదు.

నాకు షుగరు ఉంది. తేడా ఏమైనా ఉందా?

చాలా ఉంది. పైన నేను చెప్పిన నొప్పి మార్కుల లెక్క పాదంలో స్పర్శ బాగా ఉన్నవాళ్లకే పనికొస్తుంది. ఏళ్ల తరబడి షుగరు ఉంటే నొప్పి తెలియకుండానే పుండు పడుతుంది. ఇసుకలో, గులకరాళ్ల బాటల మీద, గుడి మెట్ల మీద ఎండవేళ ఉత్త కాళ్లతో నడవకండి. రోజూ రాత్రి అరికాళ్లు చూసుకోండి, వంగలేకపోతే అద్దం నేల మీద పెట్టుకుని చూడండి. కొత్త బూటులో చెయ్యి పెట్టి తడిమి చూశాకే కాలు పెట్టండి.

ఒక పాదం హఠాత్తుగా వాచి, ఎర్రబడి, రెండో పాదం కంటే వేడిగా ఉంటే, నొప్పి లేకపోయినా సరే, నడక ఆ నిమిషమే ఆపి డాక్టరు దగ్గరకు వెళ్లండి. షుగరువాళ్లలో పాదం ఎముకలు లోలోపల కూలిపోతున్నప్పుడు అలా ఉంటుంది. దాన్ని బెణుకనుకుని వేడి నీళ్ల కాపడం పెట్టి వారాలు గడిపినవాళ్లున్నారు.

మా అబ్బాయి సైన్యంలో చేరాలని పరుగు ప్రాక్టీసు చేస్తున్నాడు. చదును పాదాలని తిప్పి పంపేస్తారా?

శ్రీకాకుళం, గంజాం పల్లెల్లో ఇది ప్రతి వీధి ప్రశ్న. మునివేళ్ల మీద లేచినప్పుడు వంపు తిరిగి కనబడి, పాదం మెత్తగా కదులుతూ, నొప్పి లేకుండా వేళ్ల మీద గెంతగలిగి పరుగెత్తగలిగితే సైనిక వైద్య ప్రమాణాలు దాన్ని అంగీకరిస్తాయి. బిగుసుకున్న పాదాన్ని అంగీకరించవు. కాబట్టి ముందు మొదటి ప్రశ్నలోని పరీక్ష చేయించండి. నోటిఫికేషన్ వచ్చిన రోజు నుంచి 1600 మీటర్లు రోజూ ప్రాణం పెట్టి పరుగెత్తితే ఎముక చీలే ప్రమాదముంది. వారానికి మూడు రోజులు పరుగు, మధ్యలో సైకిలు, పిక్క బలం.

మా పాపకు నాలుగేళ్లు. పాదాలు చదునుగా ఉన్నాయి.

ఉండాలి కూడా. పసిపిల్లల పాదంలో కొవ్వు మెత్త ఉంటుంది, వంపు పదేళ్లలోపు మెల్లగా ఏర్పడుతుంది. నొప్పి లేకపోతే ఆడుకోనివ్వండి.

ఒడియా డాక్టరుకు ఎలా చెప్పాలి?

ఇది నవ్వులాటకు రాయడం లేదు. ఒడియాలో "గోడొ" అంటే కాలు. "గోడొ బింధుచి" అంటే కాలు నొప్పిగా ఉంది అని. ఇచ్ఛాపురం నుంచి వచ్చిన ఒక పెద్దాయన డాక్టరు "గోడొ?" అనగానే వెనక్కి తిరిగి గోడ వైపు చూశారు. మడమను "గోఇఠి" అంటారు, వాచింది అనడానికి "ఫులిచి". ఎం.కె.సి.జి. వైద్య కళాశాల ఆసుపత్రికి వెళ్లినా, ఇంకెక్కడికి వెళ్లినా, నొప్పి ఉన్న చోటు మాటల్లో చెప్పడం కంటే ఒక్క వేలితో చూపించడం మేలు. అరచేత్తో పాదమంతా నిమిరి చూపిస్తే ఎవరికీ ఏమీ తెలియదు.

వచ్చేటప్పుడు కొత్త బూట్లు వేసుకుని రాకండి. రోజూ వాడే అరిగిన చెప్పులు సంచిలో పెట్టి తీసుకురండి, ముందు వాటినే చూస్తాను.